బెర్లిన్‌లో డ్రా క్లెయిమ్ చేయడం ఎలా?

చెస్‌లో నల్ల పావులతో ఆడే బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో, డ్రాకు దారితీసే చిన్న ఎత్తుల వరుస మన టోర్నమెంట్ పిల్లలకు కంఠతా వచ్చు. ఒకే పొజిషన్ మూడోసారి వస్తోందని ఆర్బిటర్‌కు (పోటీలో తీర్పు చెప్పేవారికి) చూపి డ్రా క్లెయిమ్ చేయడమే రాదు. అందిన అర పాయింటును బోర్డు దగ్గరే జారవిడుచుకుంటారు.

ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్, ముదురుగా రాసే పెన్ను ఉంటే చాలు. కొట్టివేతలు లేకుండా రాయండి.

1. ఈ4 ఈ5 2. నైట్ ఎఫ్3 నైట్ సీ6 3. బిషప్ బీ5 నైట్ ఎఫ్6. తెలుపు క్యాజిలింగ్ (రాజు, ఏనుగు కలిసి కదిలే ఎత్తు) చేయగానే మీ నైట్ ఈ4 బంటును కొడుతుంది. 5. డీ4 నైట్ డీ6. ఆరో ఎత్తులో తెలుపు బంటుతో ఈ5 కొడితే మీరు బీ5 బిషప్‌ను కొట్టండి. 7. ఏ4కు మీ బీ5 నైట్ డీ4కు వెళ్తుంది. తెల్ల నైట్ దాన్ని కొడితే మీ బంటు డీ5కు. తెలుపు దాన్ని ఆంపాసాన్‌గా (రెండు గళ్లు దూకిన బంటును పక్క బంటు కొట్టే పద్ధతిలో) కొట్టాక డీ4లో నైట్లు మార్చుకుని, పదో ఎత్తులో మీ క్వీన్ డీ6 బంటును కొడుతుంది. ఇక తెల్ల క్వీన్ ఈ4లో చెక్, మీ క్వీన్ ఈ6కు. తెల్ల క్వీన్ డీ4కు, మీ క్వీన్ డీ6కు. మళ్లీ అదే.

2000లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో క్రామ్నిక్ నాలుగు గేమ్‌ల్లో బెర్లిన్ ఆడి కాస్పరోవ్‌తో నాలుగూ డ్రా చేశాడు. అవి క్వీన్లు పోయాక ఓపికగా కాపాడుకున్నవి. చివరి రౌండ్లో అర పాయింటు చాలనుకునేవారు ఈ చిన్న దారే పట్టాలి. తెలుపు కూడా డ్రా కోరుకుంటేనే ఇది సాగుతుందనుకోండి.

అసలు జాగ్రత్త ఇక్కడ. లెక్క ఎత్తులది కాదు, పొజిషన్‌ది. పావులన్నీ అవే గళ్లలో ఉండాలి, ఆడే వంతు అదే పక్షానిది కావాలి, క్యాజిలింగ్, ఆంపాసాన్ హక్కులు మారకూడదు. ఇక్కడ మీ పదో ఎత్తు తర్వాత మొదటిసారి, పన్నెండో ఎత్తు తర్వాత రెండోసారి, పద్నాలుగో ఎత్తుతో మూడోసారి.

ఆ పద్నాలుగో ఎత్తు వేయకండి! క్వీన్‌ను ముట్టుకోనే వద్దు. ముట్టుకుంటే ఆ ఎత్తుకు క్లెయిమ్ హక్కు పోయినట్టే. ‘క్వీన్ డీ6’ అని షీట్ మీద రాయండి. మామూలుగా ఎత్తును ముందే రాయడం నిషేధం, డ్రా క్లెయిమ్‌కు మినహాయింపు ఉంది. క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ను పిలిచి, ‘ఈ ఎత్తుతో పొజిషన్ మూడోసారి వస్తుంది’ అని చెప్పండి. ఎదుటివాళ్లతో వాదన వద్దు.

డ్రా ఆఫర్‌ను ఎదుటివాళ్లు తోసిపుచ్చవచ్చు. సరైన క్లెయిమ్‌కు వాళ్ల ఒప్పుదల అక్కర్లేదు, అందుకే నేను ఆఫర్ చేయమని ఎవరికీ చెప్పను. కానీ లెక్క తప్పితే క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) గేమ్‌లో వాళ్లకు రెండు నిమిషాలు కలుస్తాయి, రాసిన ఎత్తే మీరు ఆడాలి. క్లెయిమ్ వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఆర్బిటర్ సరేనన్నాక రెండు షీట్ల మీదా ఫలితం రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టాకే పావులు సర్దండి.