తిండి మారిస్తే మీ కొలెస్ట్రాల్ ఎంత మారుతుంది? జన్యువుల పాత్రను తేల్చుకునే పద్ధతి

చెన్నైలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో తరచూ కనిపించే సంగతి ఇది. ఒకే పొయ్యి మీద వండింది తింటున్న అన్నదమ్ముల్లో ఒకరికి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 100 దగ్గరే నిలకడగా ఉంటే, రెండోవారికి 160 దాటుతుంది. ఇద్దరూ నెయ్యి తగ్గిస్తే ఒకరికి అంకె బాగా దిగుతుంది, మరొకరికి కదలనే కదలదు. కదలనివారిని నోరు కట్టుకోలేదని ఇంట్లోవాళ్లు నిష్ఠూరమాడతారు. చాలాసార్లు ఆ నింద అన్యాయమైనది, ఎందుకంటే తిన్న కొవ్వుకు శరీరం స్పందించే తీరు కొంతవరకు పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది. మీ విషయంలో ఆ తీరు ఏమిటో తెలుసుకోవడానికి వేల రూపాయల జన్యుపరీక్ష కంటే, పద్ధతిగా చేయించుకున్న మామూలు రక్తపరీక్షలే ఎక్కువ చెబుతాయని నా గట్టి నమ్మకం.

ముందు లోపల జరిగేది కొంచెం తెలియాలి. కాలేయ కణాల మీద ఉండే గ్రాహకాలు (పట్టుకునే కొక్కేల వంటివి) రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి తీసుకుంటాయి; బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ ఏర్పాటును వెలికితీసి 1985లో నోబెల్ బహుమతి అందుకున్నారు. నెయ్యి, కొబ్బరినూనె, పామాయిల్ వంటివాటిలోని సంతృప్త కొవ్వు ఎక్కువైనప్పుడు ఈ గ్రాహకాల పని మందగించి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. ఏపీఓఈ అనే జన్యువులో ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలున్నాయి. ఈ4 ఉన్నవారిలో సగటున ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటమే కాక, తిండిలోని కొవ్వు మార్పులకు అది మరింతగా స్పందిస్తుందని అనేక అధ్యయనాలు చూపాయి. ఏబీసీజీ5, ఏబీసీజీ8 అనే జన్యువులు పేగు ఎంత కొలెస్ట్రాల్‌ను ఒంటికి పట్టనిస్తుందో నియంత్రిస్తాయి కనుక, రోజూ గుడ్డు తిన్నా ఒకరికి ఏమీ కాకపోవడం, ఇంకొకరికి అంకె పెరగడం వింతేమీ కాదు. రక్తంలో తిరిగే మరో రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్ల విషయంలో ఏపీఓఏ5 అనే జన్యువు ముఖ్యమైనది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన క్యూర్స్ అధ్యయనంలో, ఎల్‌పీఎల్ అనే జన్యువులోని ఒక తేడాకూ, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌కూ ఉన్న సంబంధం, మనిషి తినే కొవ్వు పరిమాణాన్ని బట్టి మారుతున్నట్లు తేలింది. అంటే జన్యువు ఒక్కటే, తిండి ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించవు.

ఇక చేయవలసిన పని. మొదట రెండు వారాల ఎడంతో రెండుసార్లు, ఒకే ల్యాబ్‌లో, 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష) చేయించుకుని సగటు తీసుకోండి. తిండిలో ఏ మార్పూ లేకపోయినా ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం వరకు, ట్రైగ్లిజరైడ్లు 20 శాతానికి పైగా కూడా అటూ ఇటూ ఊగుతాయి కాబట్టి, ఒక్క రిపోర్టును నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. జ్వరం వచ్చి తగ్గిన రోజుల్లో, దీపావళి మిఠాయిల వారంలో, బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు పరీక్ష వద్దు. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి. అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

తర్వాత రిపోర్టును దగ్గర పెట్టుకుని ఏ అంకె ఇబ్బంది పెడుతున్నదో గుర్తించండి. ఉదాహరణకు మొత్తం కొలెస్ట్రాల్ 232, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 210 అనుకుందాం. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే 42. 232 నుంచి 38నీ 42నీ తీసేస్తే ఎల్‌డీఎల్ 152 వస్తుంది. చాలా ల్యాబ్‌లు ఇప్పటికీ ఇలాగే లెక్కకడతాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, నేరుగా కొలిపించాలి. ఈ మనిషికి రెండు సమస్యలున్నాయి, రెండింటికీ తిండిలో కారణాలు వేరు.

ఎల్‌డీఎల్ కోసమైతే సంతృప్త కొవ్వును మార్చి చూడాలి. రేషన్ పామాయిల్‌లో దాదాపు సగం, కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. వేరుశనగ నూనెలో అది 20 శాతం లోపే, నువ్వుల నూనెలో ఇంకా తక్కువ. నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్ల నూనె ఖర్చయితే ఒక్కొక్కరికి రోజుకు సుమారు 23 గ్రాములు అందుతున్నట్లు లెక్క. ఆ పరిమాణాన్ని పెంచకుండా నూనె రకాన్ని మాత్రమే మార్చి, పొంగలిలో నెయ్యినీ హోటల్ వడలనూ మానేసి, 6 వారాలు అలాగే ఉండండి. ట్రైగ్లిజరైడ్ల కోసమైతే కొవ్వు జోలికి పోకుండా అన్నం సగం చేసి, ఆ లోటును పప్పు, కూరలతో నింపి, కాఫీలో చక్కెర, పండ్లరసాలు, మద్యం మానాలి. మనవాళ్లకు ఈ రెండోదే తరచుగా అవసరమవుతుంది: భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం భారతీయుల రోజువారీ కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. రెండు మార్పులనూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

6 వారాల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష. 152 ఉన్న ఎల్‌డీఎల్ 146కు వస్తే అది మామూలు ఊగిసలాటే కావచ్చు. 125కు దిగితే మీ శరీరం ఈ మార్పుకు గట్టిగా స్పందించినట్లే, దాన్ని విడవకుండా కొనసాగించండి. కదలకపోతే మిమ్మల్ని మీరు నిందించుకోకుండా ఓట్స్, బార్లీ, చిక్కుడు గింజల వంటి కరిగే పీచుతో మరో 6 వారాలు చూడండి, అప్పటికీ లాభం లేకపోతే మందు గురించి వైద్యుణ్ని అడగండి. ఇప్పటికే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడుతున్నవారు ఈ ప్రయోగం కోసం దాన్ని ఆపడం ప్రమాదం.

జన్యుపరీక్ష ఎప్పుడు? ఏపీఓఈ ఫలితం అల్జీమర్స్ ముప్పు గురించి కూడా చెబుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి సిద్ధపడకుండా కొలెస్ట్రాల్ కోసమని దాన్ని చేయించుకోవడం నేను సమర్థించను. ఎల్‌డీఎల్‌ను పోలిన లైపోప్రొటీన్-ఏ అనే కొవ్వు కణం మాత్రం జీవితంలో ఒక్కసారి కొలిపించుకోదగినది. అది రక్తపరీక్షే, దాని స్థాయి దాదాపు పూర్తిగా వంశపారంపర్యం, తిండితో పెద్దగా మారదు.

ఎల్‌డీఎల్ 190 దాటినా, మడమ వెనుక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) మీద గట్టి బొడిపెలు కనిపించినా, ఇంట్లో మగవారికి 55 ఏళ్లలోపు, ఆడవారికి 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉన్నా ఆలస్యం చేయకుండా హృద్రోగ నిపుణుణ్ని కలవండి. సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉండే వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ అయి ఉండవచ్చు. ఇందులో తిండి ఒక్కటే ఎప్పుడూ చాలదు. ఇది నిర్ధారణ అయితే మీ తోబుట్టువుల్లో, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం ఉంటుంది కనుక, నెల్లూరులో ఉన్న తమ్ముడికైనా, చిత్తూరులో ఉన్న అక్కకైనా ఆ రిపోర్టు పంపించి, వాళ్లనూ పిల్లలతో సహా పరీక్ష చేయించుకోమని చెప్పండి.