ఇంటి వర్క్‌షాపు – 4వ పాఠం: లేత్ మీద ఏం కప్పాలి?

పోయిన పాఠంలో లేత్ (ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్) బెడ్, అంటే దాని అడుగునుండే పొడవాటి ఇనుప దిమ్మె, తుడిచి నూనె రాయడం అయింది. ఇక పైన కప్పేదాని సంగతి.

ముందు నా నిర్వాకం చెప్పాలి. విశాఖలో మొదటి వానాకాలం, చుక్క నీరు పడకూడదని లేత్‌కి పాలిథిన్ షీటు చుట్టి, కింద తాడుతో బిగించేశాను. నెల తర్వాత విప్పితే షీటు లోపలివైపు నీటి బొట్లు, టైల్‌స్టాక్ (ముక్క రెండో కొసకి ఆనించే భాగం) పక్కన అరచేయంత తుప్పు! పైనుంచి చుక్క పడిందే లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే, రాత్రి చల్లబడ్డ ఇనుముకి పొద్దున తేమగాలి తగిలితే చెమట పడుతుంది. గాలి ఆడితే ఆరిపోతుంది. మూట కడితే ఎక్కడికి పోతుంది?

బరకం, రెగ్జిన్ కూడా అంతే. కప్పు కారుతుంటే పైన గొడుగులా కట్టండి, మిషన్‌కి చుట్టకండి.

రోజూ కప్పడానికి నా ఓటు నూలు కాన్వాస్‌కే. దుమ్మును ఆపుతుంది, గాలిని పోనిస్తుంది. కాకపోతే తేమను పీల్చుకుంటుంది కాబట్టి బెడ్‌కి ఆనకూడదు. నాలుగు చెక్క రీపర్లతో చట్రం కట్టి దాని మీద వేయండి, అడుగున జానెడు వదిలేయండి. గోనెసంచి మాత్రం వద్దు.

గుడ్డ కొనేముందు చిన్న పరీక్ష. గ్లాసులో వేడినీళ్లు పోసి, మూతి మీద గుడ్డ ముక్క పరిచి, పైన స్టీలు పళ్లెం బోర్లించండి. పళ్లేనికి ఆవిరి పడితే గుడ్డలోంచి గాలి ఆడుతున్నట్టే.

పక్కనే గ్రైండర్ ఉంటే లెక్క మారుతుంది. నిప్పురవ్వ పడితే నైలాన్, పాలిస్టర్ కరిగి చిల్లులు పడతాయి, నూలు లోలోపల రాజుకుంటుంది. వెల్డర్లు కట్టుకునే తోలు ఏప్రాన్ ఇక్కడ బాగా పనికొస్తుంది. గ్రైండింగ్ రజను పట్టిన గుడ్డని బెడ్ మీద లాగితే గరుకు కాగితంతో రుద్దినట్టే, అందుకే రాత్రి కప్పే గుడ్డను ఈ పనికి వాడకండి. చక్ (ముక్కని పట్టి తిప్పే భాగం) తిరిగేటప్పుడు దాని దరిదాపుల్లో వదులు గుడ్డ ఏదీ ఉండకూడదు, చుట్టుకుందంటే చెయ్యిని కూడా లాగేస్తుంది.

బెడ్ మీద రబ్బరు షీటు పరుస్తారా? నైట్రైల్ (నూనెకి తట్టుకునే రబ్బరు) అడగండి, మిషన్లలో నూనె కారకుండా ఆపే ఆయిల్ సీళ్లు ఎక్కువగా దాంతోనే చేస్తారు. పాత సైకిల్ ట్యూబు ముక్కని మిషన్ ఆయిల్‌లో వారం నానబెడితే ఎలా ఉబ్బుతుందో మీరే చూస్తారు.

వచ్చే పాఠంలో కొలతలు, కుట్టు. ఈలోగా టేపు పట్టి మీ లేత్ ఎత్తు, పొడవు రాసిపెట్టుకోండి. హ్యాండిళ్లు బయటికి ఎంత పొడుచుకొచ్చాయో కూడా కొలవండి, నేను మరిచిపోయి ఒక కాన్వాస్ పాడుచేసుకున్నాను.