చిరుతను కొలవడం, 3వ పాఠం: టేపు, కాటా, కొంచెం అనుమానం

పోయిన పాఠంలో పాదముద్రల దగ్గర ఆగాం. ఈసారి ఒళ్లు.

"ఎనిమిది అడుగుల చిరుత" అని ఎక్కడైనా చదివితే, ఎలా కొలిచారో ముందు చూడండి. వేట రోజుల్లో రెండు పద్ధతులుండేవి. చచ్చిన జంతువును సాపుగా పడుకోబెట్టి, ముక్కు కొస దగ్గరొకటి, తోక ఎముక చివరొకటి మేకులు దిగ్గొట్టి మధ్య దూరం తిన్నగా కొలవడం మొదటిది. తల, వీపు ఒంపుల మీదుగా టేపును అదుముకుంటూ పోవడం రెండోది, ఇందులో అదే చిరుత కొన్ని అంగుళాలు పెరిగిపోతుంది! ఒలిచిన తోలు మీద తీసిన కొలతలైతే పక్కన పడేయండి, తోలు సాగుతుంది. మనం తల-ఒళ్లు ఒక అంకె, తోక ఇంకో అంకెగా రాసుకుందాం. తోక చివరి వెంట్రుకలు లెక్కలోకి రావు.

బరువుతో ఇంకా తలనొప్పి. బోనులో ఎరను తినేసిన చిరుతను మత్తిచ్చి కాటాకి వేలాడదీస్తే, కడుపులోని మాంసమూ కలిసే తూగుతుంది. అందుకే కడుపు నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అన్నది బరువు పక్కనే రాయాలి.

ఇప్పుడు ఒక లెక్క. మగవి 60 కిలోలు, ఆడవి 35 కిలోలు అనుకోండి. ఒక అడవిలో 8 మగవి, 2 ఆడవి దొరికాయి, ఇంకో అడవిలో అయిదేసి. సగటు మొదటిచోట 55, రెండోచోట 47.5. జంతువుల్లో తేడా ఏమీ లేదు, దొరికిన తీరులోనే ఉంది. కాబట్టి మగవాటిని మగవాటితోనే, అదీ ఎదిగినవాటినే పోల్చాలి.

ఇంత జల్లెడ పట్టినా నిలిచే తేడాలున్నాయి. దక్షిణాఫ్రికా కేప్ కొండల్లో మగ చిరుత సగటున 31 కిలోల దగ్గర ఉంటే, అదే దేశంలో క్రూగర్ నేషనల్ పార్కు వైపు 58 దాకా ఉంటుంది. క్రూగర్ ఆడది కేప్ మగదానికంటే బరువు! అయినా రెండూ ఒకే ఉపజాతి. క్రూగర్‌లో ఇంపాలా జింకలు దండిగా దొరుకుతాయి, కేప్ కొండల్లో ఎక్కువగా చిన్న జంతువులే దిక్కు, తేడాకి ఇదొక కారణమని నిపుణులు చెబుతారు. సైజు చూసి "ఇది వేరే జాతి" అనేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

ఇంటిపని: పడుకున్న మీ కుక్కను రెండు పద్ధతుల్లోనూ మూడేసిసార్లు కొలిచి, అంకెలన్నీ రాసి ఉంచండి (మేకులొద్దు, సుద్దముక్క చాలు). వచ్చే పాఠంలో పుర్రెల కొలతలకి అవి కావాలి.