బ్రిటన్‌లో ఇంటి బాయిలర్: మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు

చదువుకని సెప్టెంబరులో బ్రిటన్‌లో దిగినవారికి మొదట్లో చలి పెద్దగా తెలియదు. అక్టోబరు ముదిరాక అద్దె ఇంటి వంటగది గోడకున్న తెల్లటి పెట్టె మీదికి చూపు పోతుంది. పలాస జీడిపప్పు యూనిట్లలో బాయిలర్‌ను చూసినవారికి కూడా ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ కొత్తే. గ్యాస్‌తో నీటిని కాచి, పంపుతో గదుల్లోని రేడియేటర్లకు తిప్పడం దీని పని. కుళాయిలకూ అప్పటికప్పుడు వేడినీళ్లిచ్చే రకాన్ని కాంబీ అంటారు.

ఎప్పుడు వెలగాలో టైమర్ చూసుకుంటుంది. గది ఎంత వెచ్చబడితే ఆగాలో థర్మోస్టాట్ చూసుకుంటుంది. రేడియేటర్లకు వెళ్లే నీటి వేడిని బాయిలర్ మీది నాబ్ నిర్ణయిస్తుంది. చలికి వణుకుతూ వచ్చి థర్మోస్టాట్‌ను 30కి తిప్పితే గది త్వరగా వెచ్చబడదు. 20 దగ్గర ఆగవలసిన మంట ఆగకుండా మండుతుంది, బిల్లు ఇంట్లో అందరి నెత్తినా పడుతుంది. 18 నుంచి 21 డిగ్రీల మధ్య పెట్టి వదిలేయండి.

కాంబీ మీద సాధారణంగా రెండు సర్దుబాట్లుంటాయి. ఒకదాని పక్కన కుళాయి బొమ్మ, రెండోదాని పక్కన రేడియేటర్ బొమ్మ. రేడియేటర్‌ది చాలా ఇళ్లలో 75, 80 డిగ్రీల మీద ఉంటుంది. దాన్ని 60కి దించి చూడండి. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు 55 డిగ్రీల లోపు ఉంటే పొగలోని ఆవిరి నీరుగా మారుతూ వదిలే వేడి కూడా మనకే దక్కుతుంది. గది కాస్త నిదానంగా వెచ్చబడుతుంది కాబట్టి అరగంట ముందే వెలిగేలా టైమర్‌ను పెట్టండి. వేడినీటిని విడిగా సిలిండర్‌లో నిల్వచేసే ఇంట్లో మాత్రం ఇలా తగ్గించవద్దు. నిల్వ నీరు 60 డిగ్రీలకు చేరకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

ఇంట్లో దిగిన రోజే ప్రెషర్ గేజ్ చూడడం అలవాటు చేసుకోండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1కి, 1.5 బార్‌కి (బార్ అంటే ఒత్తిడి కొలత) మధ్య ఉండాలి. బాగా పడిపోతే చాలా బాయిలర్లు వెలగనే వెలగవు. పెట్టె కింద వెండి రంగు అల్లిక గొట్టం, దానికి చిన్న వాల్వులు కనిపిస్తాయి. ముల్లు పడిపోయినప్పుడు ఇంటి యజమానిని ఒక్కమాట అడిగి, ఆ వాల్వులను మెల్లగా తెరవండి. నీరు ఎక్కుతున్న సన్నని చప్పుడు వినిపిస్తుంది, ముల్లు కదులుతుంది. 1.2 దాటగానే వాల్వులన్నీ గట్టిగా కట్టేయండి. మరిచిపోతే ఒత్తిడి పెరిగి, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీరు బయటికి పోతుంది. వారం తిరగకుండానే ముల్లు మళ్లీ పడితే ఎక్కడో కారుతోందన్నమాట. ఊరికే నింపుతూ కూర్చోకుండా యజమానికి రాసి పంపండి.

రీసెట్ బటన్‌ను ఒకటి రెండుసార్లకు మించి నొక్కవద్దు. మంట పదేపదే ఆరిపోతోందంటే లోపల రక్షణ ఏర్పాటు ఏదో కారణంతోనే ఆపుతోంది. మూత విప్పే పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అర్హులైనవారి అధికారిక జాబితాలో) ఉన్న ఇంజనీరుది, యూట్యూబ్ చూసి మనం చేసేది కాదు.

ఇంగ్లండ్‌లో అద్దె ఇంటి బాయిలర్‌కు ఏటా గ్యాస్ తనిఖీ చేయించడం యజమాని బాధ్యత. ఆ పత్రం ఇంట్లో చేరకముందే అడిగి తీసుకోండి. బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని 2022 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. ఈ విషవాయువుకు వాసన ఉండదు, అందుకే అలారం లేకపోతే మొహమాటపడకుండా అడగండి. అది మోగినా, గ్యాస్ వాసన వచ్చినా కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, 0800 111 999కు ఫోన్ చేయండి.