పొదగని గుడ్లు పారేయకండి, పగలగొట్టి చూడండి

ఇరవై ఒక్క రోజులు దాటినా సగం గుడ్లు అలాగే మిగిలిపోతే పెట్టనో, ఇంక్యుబేటర్‌నో (గుడ్లు పొదిగే మెషీన్) తిట్టుకుని వాటిని పెంటకుప్ప మీద పారేస్తుంటారు. పగలగొట్టి చూస్తే పిల్ల ఏ దశలో చచ్చిందో తెలుస్తుంది, దాన్నిబట్టి కారణమూ దొరుకుతుంది. మురిగిన గుడ్డు పేలుతుంది కాబట్టి దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

సమస్య: ఏడో రోజు టార్చి పెట్టి చూస్తే నరాలు లేవు

గుడ్డంతా తేటగా ఉంటే పుంజు కలవలేదు, లేదా గుడ్డు బాగా పాతది. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. వారంలోపు పెట్టిన గుడ్లే పొదగేయాలి. నరాల బదులు ఎర్రటి ఉంగరంలా గీత కనిపిస్తే పిండం మొదలై చచ్చిపోయిందన్నమాట. ఎండాకాలంలో గది వేడి కూడా ఇందుకు కారణమవుతుంది. కాబట్టి పొదగేసేదాకా తడి ఇసుకలో దించిన మట్టికుండలో గుడ్లు దాచండి.

సమస్య: పిల్ల పూర్తిగా తయారై లోపలే చచ్చింది

మనసుకు ఎక్కువ కష్టమనిపించేది ఇదే. లోపలి పొర కాగితంలా ఎండి పిల్లకు అంటుకుని ఉంటే చివర్లో తేమ చాలలేదు. పిల్ల ఉబ్బి, చుట్టూ నీరు నిలిచి ఉంటే మొదటి 18 రోజుల్లో తేమ ఎక్కువైంది. అప్పటిదాకా 50 శాతం దగ్గర ఉంచి, చివరి మూడు రోజులు 65–70కి పెంచాలి. 18వ రోజుతో గుడ్లు తిప్పడం ఆపేయాలి. ఆ తర్వాత మూత తీసి చూడాలన్న ఆత్రం అణచుకోండి, తీసిన ప్రతిసారీ తేమ పోతుంది. చిల్లు పెట్టిన పిల్ల బయటికి రావడానికి ఒక రోజు పట్టొచ్చు. తొందరపడి పెంకు ఒలిస్తే పొరలో ఇంకా ఉన్న రక్తం కారి చనిపోతుంది.

సమస్య: పిల్లలు 19వ రోజుకే వచ్చేశాయి, లేదా 23వ రోజు దాటింది

ముందే వస్తే వేడి ఎక్కువ, ఆలస్యమైతే తక్కువ. ఫ్యానున్న మెషీన్‌లో 37.5 డిగ్రీలు ఉండాలి. డిస్‌ప్లేను నమ్మకండి. జ్వరం చూసే థర్మామీటరు లోపల పెట్టి పోల్చుకోండి. కరెంటు పోతే టెన్షన్ పడకుండా మూత తీయకుండా దుప్పటి కప్పండి. గంటసేపు చల్లబడితే చాలావరకు తట్టుకుంటాయి, వేడెక్కితే మాత్రం తట్టుకోలేవు.

సమస్య: పెట్ట మధ్యలోనే లేచిపోతోంది

రోజుకోసారి మేతకు, నీళ్లకు లేచి పావుగంటలో వచ్చి కూర్చుంటే సరే. అసలు కూర్చోకపోతే రాత్రిపూట టార్చి వేసి గూడు, రెక్కల కింద చూడండి. పేలు పాకుతుంటే గడ్డి తగలబెట్టి, కొత్తగా ఇసుక, గడ్డి వేయండి. వేరే పెట్టలు వచ్చి గుడ్లు పెట్టకుండా గంప విడిగా ఉంచండి.

పది, పన్నెండు గుడ్లకైతే నాటు పెట్టే మేలు, తిప్పడం, తేమ అదే చూసుకుంటుంది. వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగుపరిచిన పెరటి కోళ్లు పొదగడం అరుదు కాబట్టి వాటి గుడ్లు నాటు పెట్ట కిందో, మెషీన్‌లోనో వేయాలి. గుడ్లు ఎక్కువైతే మెషీన్, పెట్ట రెండింటినీ ఒకే రోజు మొదలుపెట్టండి. మెషీన్ పిల్లలను చీకటి పడ్డాక పెట్ట కిందికి తోస్తే చాలాసార్లు తనవే అనుకుని సాకుతుంది.