గన్‌మన్ డ్యూటీకి మొదటిసారి వెళ్తున్న తమ్ముళ్లకు

పీఎస్‌ఓగా, అంటే ఒక ప్రముఖుడి వెంట ఉండి కాపాడే గన్‌మన్‌గా, ఆర్డరు చేతికి రాగానే చొక్కా జేబులో పట్టే చిన్న నోటుబుక్కు ఒకటి కొనుక్కోండి. నేను ఉత్తరాంధ్రలో ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా చేరి ఏఆర్‌ఎస్సైగా రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు గన్‌మన్ డ్యూటీలోనే గడిచాయి. ఆ పదకొండేళ్లలో నన్ను కాపాడింది ఆ పుస్తకమే. అది సరిగ్గా రాయని ఒక్క రోజు నాకు ఛార్జ్ మెమో (ఆరోపణల నోటీసు) వచ్చింది.

మొదట ఆయుధం సంగతి. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో, పిస్టల్ తీసుకునేటప్పుడు వెనక లైనులో ఎంతమంది ఉన్నా తొందరపడొద్దు. బాడీ మీది నంబరు, రిజిస్టర్‌లోని నంబరు ఒకటేనా చూడండి. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో చూడండి. రౌండ్లు ఒక్కొక్కటీ చేత్తో లెక్కపెట్టి, ఆ తర్వాతే సంతకం చేయండి. ఒక రౌండ్ తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే. నంబరూ లెక్కా తేదీతో సహా మీ పుస్తకంలో కూడా రాసుకోండి. పిస్టల్‌ను కారు డ్యాష్‌బోర్డులో పెట్టి భోజనానికి దిగడం, హోటల్ గదిలో దిండు కింద పెట్టి స్నానానికి వెళ్లడం, డ్రైవర్ ముచ్చటపడితే చేతికివ్వడం ఎప్పటికీ చేయొద్దు. పొరపాటున ఆయుధం పోతే సొంతంగా వెతుకుతూ గంటలు గడపకండి. వెంటనే దగ్గరి స్టేషన్‌కూ మీ ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారికీ చెప్పండి. పోయినందుకు ఎలాగూ చర్య ఉంటుంది. దాచినందుకు పడేది దానికి రెట్టింపు.

ఇక హాజరు. మీకు సెలవిచ్చే అధికారం ప్రొటెక్టీకి, అంటే మీరు కాపాడే మనిషికి, లేదు, ఆర్‌ఐ గారికే ఉంది. చాలామంది కుర్రాళ్లు దెబ్బతినేది ఇక్కడే. టూ ప్లస్ టూ సెక్యూరిటీలో, అంటే ఒక్కో షిఫ్టులో ఇద్దరు గన్‌మన్లుండే డ్యూటీలో, ఒకసారి నా జోడీ తన కొడుకు బారసాల అని ఊరెళ్లాడు. సారే ‘వెళ్లిరా’ అన్నారు, నేనూ సరే అన్నాను. రాత్రి పదిన్నరకు చెకింగ్‌కు వచ్చిన అధికారి రెండో మనిషి ఏడని అడిగారు. భోజనానికి వెళ్లాడని చెప్పాను. తెల్లారేసరికి నిజం బయటపడింది. అతనికి గైర్హాజరు, నాకు అబద్ధం. ఇద్దరికీ చెరొక ఇంక్రిమెంట్ ఆగింది. నా తప్పే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఇంటి దగ్గర రెండు తుపాకులు ఉన్నాయన్న నమ్మకంతో పైవాళ్లు నిద్రపోతుంటే ఒక్కటే ఉంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లలో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

కాబట్టి మీ తర్వాత డ్యూటీ ఎక్కే రిలీవర్ మీ కళ్ల ముందుకొచ్చి బాధ్యత తీసుకునే దాకా కదలకండి. డ్యూటీ పాస్‌పోర్టులో, అంటే డ్యూటీ వేళలు రాసే కాగితంలో, టైము ఉన్నదున్నట్టు పడాలి. ‘ఇవాళ నువ్వు రావద్దు, ఒక్కడినే వెళ్తాను’ అని సార్ అంటే బతిమాలండి. వినకపోతే వెంటనే ఆర్‌ఐ గారికి ఫోన్ చేసి చెప్పి, ఎన్నింటికి ఏ మాట అన్నారో పుస్తకంలో రాయండి.

చేతుల గురించి గట్టిగా చెప్పాలి. మీ కుడి చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. బ్యాగ్, శాలువాల కట్ట, మేడమ్ గారి సూట్‌కేస్, పిల్లాడి స్కూల్ బ్యాగ్, ఏవీ మోయొద్దు. మోయనంటే పొగరనుకుంటారని టెన్షన్ పడకండి. ‘సార్, చేతిలో బరువుంటే మిమ్మల్ని కాపాడలేను’ అని నెమ్మదిగా చెప్పండి. నేను పనిచేసిన ఏ ప్రొటెక్టీ కూడా ఈ మాటకు కోప్పడలేదు. పార్టీ కండువా వేసుకోకూడదు, నినాదాలు ఇవ్వకూడదు, వేదిక మీద పూలదండ అందించకూడదు. ప్రభుత్వం మారినా మీ యూనిఫాం మారదు.

స్థలం పంచాయితీకి తీసుకెళ్లి ‘కాస్త ఇలా నిలబడు’ అంటారు. మీ తుపాకీ కనబడటమే అక్కడ బెదిరింపు. ప్రొటెక్టీ పక్కనే ఉండండి, ఎదుటివాళ్లతో ఒక్క మాటా మాట్లాడొద్దు. బయటికొచ్చాక పై అధికారికి చెప్పండి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చమని అడిగేవాళ్లూ ఉంటారు. సంబరానికి కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పడేస్తే, 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. పోలింగ్ రోజు ప్రొటెక్టీ వెంట ఆయుధంతో బూత్‌లోకి నడవొద్దు. పోలింగ్ కేంద్రం దగ్గర ఆయుధాల మీద నిషేధం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. అక్కడ బందోబస్తుకు వేసిన పోలీసులకున్న మినహాయింపును మీదిగా అనుకోకండి.

ఏజెన్సీలో పర్యటన ఉంటే లోకల్ స్టేషన్‌కు ముందుగా చెప్పకుండా బండి కదలనివ్వకండి. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ మావోయిస్టులు కాల్చి చంపారు. గన్‌మన్ల ఆయుధాలు లాక్కున్నారు. అంతమంది ఒక్కసారి చుట్టుముడితే ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఏముంటుంది? ఆ కుర్రాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ రోజు తర్వాత, దారి క్లియర్ అని స్టేషన్ నుంచి మాట రాకుండా నేను ఘాట్ ఎక్కలేదు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా మెమో రావచ్చు. వస్తే కంగారుగా ‘తప్పయింది, క్షమించండి’ అని రాసి సంతకం పెట్టొద్దు. ఉద్యోగుల క్రమశిక్షణకు ఉన్న 1991 సీసీఏ రూల్స్‌లో ఏ రూల్ కింద ఇచ్చారో మొదట చూడండి. 22 అయితే చిన్న శిక్షల దారి: సెన్షూర్ (రాతపూర్వక మందలింపు), ఇంక్రిమెంట్ ఆపడం లాంటివి. 20 అయితే పెద్ద శిక్షల దారి, డిస్మిస్ దాకా పోవచ్చు. అందులో విచారణ ఉంటుంది, సాక్షులను ప్రశ్నించే హక్కు మీకుంది. ఆరోపణకు ఆధారమైన కాగితాల నకళ్లు రాసి అడగండి. ఇచ్చిన గడువులోగా జవాబివ్వండి. నియమించిన అధికారి కంటే కిందివాళ్లు మిమ్మల్ని డిస్మిస్ చేయలేరు, రాజ్యాంగం 311వ అధికరణం ఆ రక్షణ ఇచ్చింది. సస్పెండయితే మొదట్లో చేతికొచ్చేది దాదాపు సగం జీతమే. ఇంట్లోవాళ్లకు ఆ రోజే చెప్పండి, దాచుకుని కుమిలిపోవద్దు. జవాబు రాసేటప్పుడు జేబులోని పుస్తకం తీయండి. ఏ తేదీన, ఎన్నింటికి, ఎవరికి ఫోన్ చేశారో అందులో ఉంటుంది.

డ్యూటీ ముగిసిన రోజు ఆయుధం మీరే స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి, స్నేహితుడితో పంపొద్దు. రౌండ్లు మళ్లీ లెక్కపెట్టించి, రిజిస్టర్‌లో మీ కళ్ల ముందే ఎంట్రీ పడే దాకా ఆ కౌంటర్ దగ్గరే నిలబడండి.