భౌతికశాస్త్రంలో చిక్కుముళ్లు – 7: బల్ల మీది పుస్తకానికి ప్రతిచర్య ఎక్కడుంది?

ఈ పాఠం లిఫ్టులో బరువు గురించి ఉండాల్సింది. పోయినసారి ఇచ్చిన ప్రశ్నకి వచ్చిన జవాబులు చూశాక, ఆ ముడి విప్పకుండా ముందుకెళ్లి లాభం లేదనిపించింది.

ప్రశ్న ఇది. బల్ల మీద 1 కిలో పుస్తకం ఉంది. భూమి దాన్ని 9.8 న్యూటన్ల బలంతో కిందికి లాగుతోంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం ప్రతి చర్యకీ, అంటే ప్రతి బలానికీ, సమానంగా, వ్యతిరేక దిశలో ఒక ప్రతిచర్య ఉంటుంది. మరి ఈ బలానికి ప్రతిచర్య ఏది? చాలామంది "బల్ల పైకి నెట్టే అభిలంబ బలం" (అంటే ఉపరితలం తనకి లంబంగా వస్తువుని నెట్టే బలం) అని రాశారు. అదీ 9.8 న్యూటన్లే, దిశా వ్యతిరేకమే. అయినా జవాబు తప్పు. అంకె కలిసింది కదా అని జంట కట్టేయడం దగ్గరే తంటా అంతా.

నేను ఏ బలాన్నైనా పూర్తి వాక్యంగా రాసుకుంటాను: ఏది, దేన్ని, ఎలా. "భూమి పుస్తకాన్ని గురుత్వంతో లాగుతోంది." ఇప్పుడు పేర్లు రెండూ తారుమారు చెయ్యండి, మిగతాది ముట్టుకోకండి. "పుస్తకం భూమిని గురుత్వంతో లాగుతోంది." ప్రతిచర్య ఇదే. ఇదీ సరిగ్గా 9.8 న్యూటన్లే. భూమి ద్రవ్యరాశి దాదాపు 6 × 10²⁴ కిలోలు కాబట్టి ఆ లాగుడుకి దానికొచ్చే త్వరణం 1.6 × 10⁻²⁴ మీ/సె². అందుకే మనకి కనపడదు.

"బల్ల పుస్తకాన్ని నెడుతోంది" అన్నదాన్ని తిరగేస్తే "పుస్తకం బల్లని నెడుతోంది" అని వస్తుంది. అది వేరే జంట. గురుత్వ బలానికి జంట గురుత్వ బలమే, స్పర్శ బలానికి జంట స్పర్శ బలమే.

మరి భారం (భూమి లాగుడు), అభిలంబ బలం ఎందుకు సమానమయ్యాయి? పుస్తకానికి త్వరణం లేదు కాబట్టి. అది న్యూటన్ రెండో నియమం (మొత్తం బలం = ద్రవ్యరాశి × త్వరణం) పని, మూడోదానిది కాదు. నమ్మకం కుదరకపోతే పుస్తకాన్ని చేత్తో 5 న్యూటన్ల బలంతో నొక్కండి: అభిలంబ బలం 14.8 అవుతుంది. చెయ్యి తీసేసి బల్లని 30 డిగ్రీలు వాల్చండి: సుమారు 8.5. బల్లతో సహా పైకి 2 మీ/సె² త్వరణంతో లేచే లిఫ్టులో పెట్టండి: 11.8. లిఫ్టు తాడు తెగి స్వేచ్ఛగా పడుతుంటే: సున్నా. ఇన్ని మారినా భూమి పుస్తకాన్ని లాగేది 9.8, పుస్తకం భూమిని లాగేది 9.8. మూడో నియమం జంట ఏ పరిస్థితిలోనూ విడిపోదు. విడిపోయిందంటే అది జంటే కాదు.

"చర్య, ప్రతిచర్య రద్దైపోతే ఏదీ కదలకూడదు కదా" అని కూడా కొందరు అడిగారు. అవి పనిచేసేది వేర్వేరు వస్తువుల మీద. రద్దయ్యే ప్రసక్తే లేదు.

చూస్తుండగానే లిఫ్టు పాఠం కూడా సగం అయిపోయింది. బరువు తూచే యంత్రం చూపించేది అభిలంబ బలాన్నే, భూమి లాగుడుని కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండే 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా g (గురుత్వం వల్ల వచ్చే త్వరణం) విలువ సుమారు 8.7 మీ/సె². గురుత్వం ఎక్కడికీ పోలేదు. కేంద్రమూ, లోపలి మనుషులూ కలిసే పడుతున్నారు కాబట్టి నేల వాళ్లని నెట్టట్లేదు, అంతే.

అభ్యాసం ఒక్కటే, కానీ తీరిగ్గా కూర్చోండి. కాటా మీద గిన్నె నిండా కాకుండా నీళ్లు పెట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా వేలు ముంచండి. కాటా అంకె మారుతుందా? ఎంత? వేలు, నీళ్లు, గిన్నె, కాటా, భూమి – వీటిమధ్య ఉన్న ప్రతి బలాన్నీ పూర్తి వాక్యంగా రాసి, పక్కనే దాని జంట రాయండి. "ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మార్కులివ్వను.